ముసుగు దొరకు మూడు షిఫ్టులు

"కుటుంబమంతా కలిసి చూడదగ్గ చిత్రం" అని ఫైలు మీద రాసి సంతకం పెట్టిన చేత్తోనే, ఆ చిత్రం దగ్గర నోరు విప్పినందుకు ఒక ఆడమనిషి పొట్ట కొట్టిన ఆఫీసరు కింద నేను పనిచేశాను. ఇది కోపంతో రాస్తున్నదే. రిటైరయ్యి ఇన్నేళ్ళయినా ఇంకా చల్లారలేదా అని మా ఇంటావిడ అడుగుతుంది. చల్లారలేదు. చల్లారకపోవడానికి కారణం ఆఫీసరు ఒక్కడే కాదని ఆవిడకీ తెలుసు.

ఇప్పుడు మా మనవరాలు టీవీలో ముసుగు వేసుకున్న కత్తివీరుడి సీరియల్ చూస్తుంది. హీరో గోడలు దూకుతాడు, సైనికుల్ని ఏడిపిస్తాడు, భాగం అయిపోయే వేళకి ఏదో ఒక చిక్కులో ఇరుక్కుంటాడు. పిల్లది వారమంతా వాడి గురించే మాట్లాడుతుంది. అలాంటి హీరోని నేను అరవైల మధ్యలో, మన ఊరికి టీవీ అన్న మాటే తెలియని రోజుల్లో, కూలీలుండే క్యాంప్ 1 మైదానంలో వారానికొక భాగం చొప్పున చూపించాను. మీకు రిమోట్ ఉంది. నాకు ఒక వ్యాను, చెవులు చిల్లులు పొడిచే జనరేటరు, రెండు ఇనప గొట్టాల మధ్య కట్టిన తెల్లగుడ్డ ఉండేవి.

ఉక్కు కర్మాగారం విస్తరణ పనులు చేస్తున్న ఒక కాంట్రాక్టు కంపెనీలో, సంక్షేమ విభాగం అని ఒకటి ఏడిచింది. అందులో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్ని. కంపెనీ పేరు చెప్పను, అది ఎప్పుడో మూతపడింది. విజయనగరం నుంచి మెట్రిక్ చదువుతో వచ్చినవాణ్ణి, ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయమైతే పెళ్ళి చేస్తామని ఇంటి దగ్గర ఉత్తరాల మీద ఉత్తరాలు. మీలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఆ స్థితి నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ వయసులో మనిషి నడుం వంగడానికి వీలుగా ఉంటుంది.

శనివారం శనివారం నాగపూర్ నుంచి రైల్లో రేకు పెట్టె వచ్చేది. మన ఊరి పవర్ హౌస్ స్టేషన్‌లో విడిపించుకుని సైకిలు వెనకాల కట్టుకుని తెచ్చేవాణ్ణి. ఒక్కో భాగానికి రెండు రీళ్ళు. మొత్తం పన్నెండు భాగాలు. సీరియల్ ఇంగ్లీషుది. ఎంపిక చేసింది మా సంక్షేమ ఆఫీసరు. ముద్దుల్లేవు, తాగుడు లేదు, ఆడపిల్లలతో సహా అందరూ చూడొచ్చు అని ఆయన మురిసిపోయాడు. కథ చిన్నది. ఒక రేవు పట్నం, దానికొక దుర్మార్గపు గవర్నరు, జనం తరపున రాత్రిళ్ళు గుర్రమెక్కి వచ్చే ముసుగు మనిషి. ఆ ముసుగు వెనక ఎవరున్నారో చివరి భాగం దాకా చూపించరు.

మొదటి శనివారం రెండు వేల మంది పైచిలుకు వచ్చారు. తెరకి ఇటు సగం మంది, అటు సగం మంది కూర్చున్నారు. గుడ్డ పల్చన కదా, వెనక నుంచి కూడా బొమ్మ కనిపించేది, కాకపోతే తిరగబడి. ఇటువైపు వాళ్ళకి హీరో కుడిచేత్తో కత్తి తిప్పితే అటువైపు వాళ్ళకి ఎడంచేత్తో తిప్పేవాడు. వాడిది ఏ చేతివాటం అని టీ కొట్ల దగ్గర వారాల తరబడి తగువులాడుకున్నారు. అయితే మొదటి వారం అసలు చిక్కు అది కాదు. తెరమీద వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ పోతున్నారు, ఒక్కడికీ ముక్క అర్థం కాలేదు. పావుగంటలో ఈలలు, అరగంటలో కంకర రాళ్ళు మొదలయ్యాయి.

నా ప్రొజెక్టరు పక్కనే ఒకామె పసిపిల్లల్ని చుట్టూ వేసుకుని కూర్చుంది. సైటులో మట్టి మోసే ఆడకూలీల్ని అక్కడ రేజాలంటారు. వాళ్ళ బిడ్డల్ని పగలంతా ఒక షెడ్డులో చూసుకునే ఆయా ఆమె. శ్రీకాకుళం వైపు మనిషి, ముప్పై దాటి ఉంటాయి. మొగుడు ఇనప దూలాలు ఎత్తే ఖలాసీ పని చేస్తూ ఎత్తు నుంచి జారి పడి చనిపోయాడు. ఆ తర్వాత కంపెనీ ఈమెకి ఈ పని ఇచ్చింది, అదీ టెంపరరీ. తల్లినీ ఇద్దరు ఆడపిల్లల్నీ పెట్టుకుని క్యాంపులో ఒక గదిలో ఉండేది. ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర ఒక్కటే చిరుగు లేనిది. ఆ ఏడాది పర్మనెంటు లిస్టు తయారవుతోంది, అందులో ఆమె పేరు ఉంది. లిస్టు బయటికొస్తే ఆ గది ఆమెది, ఆ పని ఆమెది. రాకపోతే సైటు పని తగ్గగానే ఊరికి పొమ్మంటారు. ఊళ్ళో ఆమెకి ఏమీ లేదు.

ఆమె పిల్లలకి మెల్లగా చెబుతోంది. "అదిగో, ఆ టోపీ ఓడున్నాడే, ఆడే గవర్నరు. మంచోడు కాదు, ఆ మీసం సూడండి. జనాల్ని ఏటంతన్నాడంటే, మీ పడవలు నాకిచ్చీయండి అంతన్నాడు." చుట్టుపక్కల వాళ్ళు రాళ్ళు కింద పడేసి ఆమె వైపు జరిగారు. ఎవరో "దీదీ, జరా జోర్ సే" అని, గట్టిగా చెప్పమన్నారు. ప్రకటనలు చేయడానికి నా దగ్గర మైకు ఉండేది. తీసి ఆమె చేతికిచ్చాను. గుర్తు పెట్టుకోండి, మైకు ఇచ్చింది నేనే.

ఆ తర్వాత ఏడు శనివారాలు మైదానంలో చోటు దొరకలేదు. పక్కనున్న కోహ్కా నుంచి కూడా జనం నడిచి వచ్చేవారు. ప్రతి మాటా ముందు తెలుగులో, వెంటనే హిందీలో, నవ్వించాలంటే అక్కడి పల్లె మాట ఛత్తీస్‌గఢీలో చెప్పేది. గవర్నరు మాట్లాడితే సైటు సూపర్‌వైజరు ముక్కుతో మాట్లాడినట్టే ఉండేది. ముసుగు మనిషికి మాత్రం ఏ వేషమూ లేని తన గొంతే ఇచ్చింది. ఆడగొంతుతో కత్తియుద్ధమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళు మూడోవారానికి ఆ గొంతు వినిపించగానే నిటారుగా కూర్చునేవారు. మనవాళ్ళు వాడికి ముసుగు దొర అని పేరు పెట్టారు.

ఇది ఊరికే వచ్చిన విద్య కాదు. శనివారం మధ్యాహ్నం పిల్లల షెడ్డులో తలుపులు మూసి, గోడమీద నేనొకసారి రీళ్ళు ఆడించేవాణ్ణి. ఒళ్ళో ఒక బిడ్డ, భుజం మీద ఒక బిడ్డ, ఆమె చూసేది. నా మెట్రిక్ ఇంగ్లీషుతో అర్థమైనంత చెప్పేవాణ్ణి. "ఆపరేటరు బాబూ, ఈ ముసిలాడు ఎందుకేడుస్తన్నాడు? అది సెప్పు, మిగతాది నాను సూసుకుంతాను" అనేది. మా వైపు అక్కని పిలిచినట్టు నేను ఆమెని అప్పా అని పిలిచేవాణ్ణి. మా ఆఫీసరు ఒకసారి పెళ్ళాం పిల్లల్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. నెల రిపోర్టులో "స్థానిక భాషల్లో వ్యాఖ్యాన పథకం" అని తన ఆలోచనగా రాసుకున్నాడు. ఆమె పేరు ఎక్కడా లేదు, నాదీ లేదు. అప్పటికి దానికి నవ్వుకున్నాం.

ఎనిమిదో శనివారం రైలు ఆలస్యమైంది. పెట్టె చేతికొచ్చేసరికి చీకటి పడుతోంది. రెండు వారాల రీళ్ళూ కలిపి పంపారు, డబ్బాల మీద అంకెలు పెన్సిలుతో రాసి ఉన్నాయి. మధ్యాహ్నం ఆడించి చూసుకునే వీలు లేకపోయింది. జనం గోల పెడుతున్నారు. మొదటి రీలు బాగానే నడిచింది. ముసుగు దొర కుడిచేతికి దెబ్బ తగిలి, సైనికులకి దొరికిపోయి, ముసుగుతోనే ఖైదులో పడ్డాడు. గొలుసులు వేశారు. మైదానంలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను రెండో రీలు ఎక్కించాను.

అది తొమ్మిదో భాగం రీలు. డబ్బా చూసుకోకుండా ఎక్కించింది నేను.

తెరమీద ముసుగు దొర చేతికి గీత కూడా లేకుండా గుర్రం మీద దౌడు తీస్తున్నాడు. జనం ఒక్కసారిగా లేచారు. "అదేటి, ఇప్పుడే కదా గొలుసులేసినారు?" అని ఒకడు, "పాగల్ సమ్‌ఝా హై క్యా", మేం పిచ్చోళ్ళలా కనిపిస్తున్నామా అని మరొకడు. ఆపి మార్చాలంటే పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో నా ప్రొజెక్టరు మిగలదు. ఆమె నా వైపు చూసింది. నా మొహం చూసి సంగతి గ్రహించింది. మైకు దగ్గరకి లాక్కుంది.

"కూకోండి. ఆయన జైల్లోనే ఉన్నాడు. ఈయన వేరే. ఈయన బీ షిఫ్టు."

లేచినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు.

"ముసుగు ఒకటే. మడుసులు ముగ్గురు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. ఎవుడి డ్యూటీలో ఆడు ఏసుకుంతాడు. ఒకడ్ని పట్టుకుంటే పనాగిపోద్దేటి? కొలిమి ఆగుతాదా, ఇదీ అంతే."

తర్వాత లేచిన నవ్వు, ఈలలు, చప్పట్లు నేను మళ్ళీ ఏ హాలులోనూ వినలేదు. మూడు షిఫ్టుల్లో బతికే ఊరికి అంతకంటే సరైన హీరో ఎవరు దొరుకుతాడు? తెర వెనక కూర్చున్నవాళ్ళకి కూడా ఆమె పనిలో పనిగా తీర్పు చెప్పేసింది, బీ షిఫ్టు ఆయనది ఎడంచేతివాటం అని. నా తప్పు ఎవరికీ తెలియలేదు. వైర్లు చుట్టుకుంటూ, "అప్పా, నన్ను బతికించావు" అన్నాను. "నాను కాదు, షిఫ్టులు బతికించినాయి" అని పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోవాలి. కాలేదు. అది మే నెల. సైటులో మంచినీళ్ళ పీపా పొద్దున్న పదింటికే ఖాళీ అయ్యేది. రేజాలు ఎన్నిసార్లు అడిగినా రేపు, ఎల్లుండి. సోమవారం నాడు పదిమంది రేజాలూ ఖలాసీలూ సైటు ఇంజనీరు గుడారం ముందు నిలబడ్డారు. దుమ్ముకి ఎప్పుడూ కట్టుకునే తువ్వాళ్ళే ముక్కు మీదుగా కట్టుకున్నారు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "తుమ్హారా లీడర్ కౌన్ హై?" అని ఆయన అరిచాడు. ఒకామె తువ్వాలు తీయకుండానే, "సాబ్, లీడరు బీ షిఫ్టులో వత్తాడు. ఈ షిఫ్టుకి నానే" అంది. ఇద్దర్ని పట్టుకుని గేటు బయటికి తోయించాడు. మధ్యాహ్నం షిఫ్టులో మరో పదిమంది నిలబడ్డారు. సాయంత్రం ఇంకో పది. ఎవరు ఎవరో తెలియదు, ఎవర్ని తీసేయాలో తెలియదు. మూడోరోజు నీళ్ళ ట్యాంకరు వచ్చింది.

రాయి విసిరినవాడు లేడు, పని ఆపినవాడు లేడు. మంచినీళ్ళు అడిగారు, మంచినీళ్ళు వచ్చాయి. పెద్దవాళ్ళకి అదే మింగుడుపడలేదు. అడిగితే వచ్చేస్తుందని జనానికి తెలిసిపోయింది మరి. దీని మూలం ఎక్కడుందని వెతికితే మా తెల్లగుడ్డ దగ్గర తేలింది.

గురువారం విచారణ. సైటు ఇంజనీరు, సెక్యూరిటీ ఆఫీసరు, మా సంక్షేమ ఆఫీసరు. బల్లమీద సీరియల్‌తో వచ్చిన ఇంగ్లీషు కథాసారం పుస్తకం. ఆ పుస్తకం నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. అందులో హీరో గవర్నరు ఆజ్ఞలు చించి గాలికి ఎగరేస్తాడు. గిడ్డంగి తలుపులు పగలగొట్టి జనానికి ధాన్యం పంచుతాడు. గవర్నరు గడ్డం పట్టుకుని నిలదీస్తాడు. మా ఆఫీసరు కుటుంబంతో చప్పట్లు కొట్టింది ఆ ఘట్టానికే. ఇంగ్లీషులో జరిగినంతసేపూ అది వినోదం. అదే మాట తెలుగులో ఒక ఆయా నోట, మన షిఫ్టుల లెక్కలో వచ్చేసరికి కూలీల్ని రెచ్చగొట్టడం అయిపోయింది. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి నా సర్వీసులో నేను చూడలేదు, చాలానే చూశాను.

ముందు నన్ను అడిగారు. "ఈ పుస్తకంలో షిఫ్టుల మాట ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్."

"సినిమాలో ఉందా?"

"లేదు సార్."

"అలా చెప్పమని నువ్వు చెప్పావా?"

"లేదు సార్."

మూడు జవాబులూ అక్షరాలా నిజాలే. నిజాలతో అబద్ధం ఎలా చెప్పొచ్చో ఆ రోజు నేర్చుకున్నాను. నాలుగో ప్రశ్న, ఆమె అలా ఎందుకు చెప్పిందో నీకు తెలుసా అన్నది. "రీలు తప్పు ఎక్కించాను సార్, నా తప్పు కప్పడానికి చెప్పింది" అనాలి. అంతే, ఒక్క వాక్యం. నోటిదాకా వచ్చింది. "తెలియదు సార్" అన్నాను. వ్యాఖ్యానం చెప్పే మనిషి చిత్రంలో లేని విషయం సొంతంగా కల్పించి చెప్పింది అని మా ఆఫీసరు చెబుతుంటే రాసి, కింద సంతకం పెట్టాను.

తర్వాత ఆమెని పిలిచారు. నన్ను వెళ్ళిపొమ్మనలేదు. తెల్లచీర కట్టుకొచ్చింది.

"అలా ఎందుకు చెప్పావు?"

"బొమ్మ అలాగొచ్చినాది బాబూ."

"ఖైదులో ఉన్నవాడు బయట ఎలా తిరుగుతాడు? బొమ్మ అలా ఎలా వస్తుంది?"

ఆమె నా వైపు చూసింది. నేను నా సంతకం వైపు చూస్తున్నాను. ఆరకుండా ఇంకా తడిగానే ఉంది.

"నాకు ఇంగ్లీసు రాదు బాబూ," అందామె. "నాకలాగ అర్తమైనాది."

ఎవరు నేర్పారు, ఏ యూనియన్ వాళ్ళు ఇంటికొచ్చారు, నీళ్ళ సంగతి నీకెందుకు, ఇలా తిప్పి తిప్పి అడిగారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నాకలాగ అర్తమైనాది. చివరికి సెక్యూరిటీ ఆఫీసరే విసిగిపోయి కాగితాలు మూశాడు.

పది రోజులకి నోటీసు బోర్డు మీద లిస్టు వచ్చింది. ఆమె పేరు మీద ఎర్రసిరా గీత. అదే కాగితంలో, నాలుగు వరసల కింద, నన్ను ఖాయం చేసినట్టు. ఒకటే కాగితం, ఒకటే సంతకం. షెడ్డులో పిల్లల్ని చూడడానికి మర్నాటి నుంచి మరో మనిషి వచ్చింది. మిగిలిన భాగాలు మైకు లేకుండా చూపించమని ఉత్తర్వు. ముసుగు వెనక ఎవరున్నారో తెలిసే పన్నెండో భాగానికి మైదానంలో వంద మంది కూడా లేరు. ముసుగు తీసిన మొహం ఎవరిదో నాకిప్పుడు గుర్తు కూడా లేదు.

నేను పూర్తిగా చచ్చినవాణ్ణేమీ కాదు. రెండోసారి ఒక వాంగ్మూలం రాశాను. రీలు మార్చింది నేను, ఆమె నా పరువు కాపాడింది అని స్పష్టంగా రాసి ఆఫీసరు బల్లమీద పెట్టాను. ఆయన నిదానంగా చదివాడు. కోప్పడలేదు. "ఇది తీసుకోవాలంటే ముందు నీ పేరు కొట్టేయాలి. తప్పు రీలు, పైగా విచారణలో దాపరికం. కొట్టేయమంటావా?" అని పెన్ను పట్టుకుని నా జవాబు కోసం ఆగాడు. బెదిరించి ఉంటే బహుశా మొండికేసేవాణ్ణి. మర్యాదగా అడిగాడు. కాగితం తీసుకుని జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. ఆ ఏడాదే నా పెళ్ళయింది.

వానాకాలంలో పవర్ హౌస్ బజార్లో ఆమె కనిపించింది. గోనె పరిచి ఎండుచేపలు అమ్ముతోంది. పెద్ద కూతురు పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది. గది ఖాళీ చేయించారట, ఎవరో రైల్వే వాళ్ళ పంచలో ఉంటున్నారట. తప్పుకుని పోదామనుకున్నాను, ఆమే పిలిచింది.

"ఆపరేటరు బాబూ, బాగున్నావా? పెళ్ళైందంట కదా."

నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరేమనుకుంటే నాకేమిటని మొత్తం చెప్పేశాను. డబ్బా సంగతి, వాంగ్మూలం సంగతి, రెండో వాంగ్మూలం సంగతి. ఆమె చేపలు సర్దుతూ విన్నది.

"డబ్బా నువ్వే మార్చినావని నాకా రోజే తెలుసు కదా. నాను సెప్తే నీ ఉద్యోగం పోద్ది. పెళ్ళి కావలసినోడివి. నువ్వే సెప్తావులే అని సూసినాను."

"చెప్పలేదు కదా అప్పా."

"అరగంట సూసినాను బాబూ. ఆల్లు ఏటడిగినా, ఇప్పుడు సెప్తాడు, ఇప్పుడు సెప్తాడు అనుకున్నాను. ఆ అరగంటా నాకు బయమే నేదు."

కోపంగా అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది. ఒక ఆకులో చేపలు పొట్లం కట్టి, పెళ్ళాన్ని పులుసు పెట్టమని చేతిలో పెట్టింది.

నలభై ఏళ్ళకి పైగా ఆ ముగ్గురు ఆఫీసర్లనీ తిట్టుకుంటూ వచ్చాను. తిట్టవలసినవాళ్ళే, ఒక్కమాట వెనక్కి తీసుకోను. కానీ ఆ అరగంట ఆ గదిలో ఎవరెక్కడున్నారో ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. ఆమెని తలుపు దగ్గర నిలబెట్టారు. ఆఫీసర్ల పక్కన నాకు కుర్చీ వేశారు. నేను కూర్చున్నాను.